సొల్యూషన్ వాసన, గండికోట దారి

పోయిన నెల బెంగళూర్లో మా పాప సైకిలు పంచరైతే వీధి చివర పంచర్ల షాపు కాడికి నేనే నెట్టుకోని పోయినా. ఆ సైకిలు ధర చెప్తే మా ఊర్లో ఎవురూ నమ్మరు, మా నాయన ఏడాది జీతం కంటే ఎక్కువ, పైగా దానికి స్టాండు లేదు, క్యారియర్ లేదు, మడ్‌గార్డు లేదు, బెల్లు కూడా లేదు. అన్నీ తీసేసినందుకే అంత ధరేమో. ఆ షాపు పిల్లోడు టైరు ఊడదీసి ట్యూబు బయటికి లాగి, నీళ్ల టబ్బులో ముంచి బుడగలు యాడొస్తాండాయో చూసి, తడి తుడిచి, గరుకు కాగితంతో గీకి, ప్యాచి అంటించే సొల్యూషన్ మూత తీసినాడు. అంతే. ఆ వాసన ముక్కుకు తగిలేసరికి నేను బెంగళూర్లో లేను. జమ్మలమడుగులో బాడుగ సైకిళ్ల షాపు ముందర నిక్కరేసుకోని నిలబడి ఉండా.

పిల్లోడు "అంకుల్, ఆయ్తు" అని రెండు సార్లు పిలిచినాడంట.

ఆ రోజు రాత్రి పాపకు చెప్పడం మొదలుపెడితే పన్నెండు దాటింది. ఆ అమ్మి సగం విని నిద్రపోయింది. మిగతా సగం ఇక్కడ రాస్తాండా.

*

మా నాయన మైలవరం డ్యాంలో లస్కరు. లస్కరంటే ఇప్పటి పిల్లోళ్లకు తెలీదు, కాలవల మీద, గేట్ల కాడ కాపలా, నీళ్లు ఎంత వదలమంటే అంత వదలడం, స్కేలు చూసి నీటిమట్టం రాసి పెట్టడం, గేట్లకు గ్రీజు పూయడం, అన్నీ ఆయనే. పెన్న మీద ఆ డ్యాం మరీ పెద్దదేం కాదు, దాదాపు 10 టీఎంసీలు, కానీ మాకు అదే సముద్రం. ఎందుకంటే మా సీమలో నీళ్లు అంత వెడల్పుగా కనపడేది అక్కడే. ఎండాకాలం మధ్యాహ్నాలు కట్ట మీద నిలబడితే ఒక పక్క నీళ్లు తళతళా మెరుస్తాంటాయి, ఇంకో పక్క ఎండిపోయిన పెన్నలో ఆడోళ్లు ఇసుకలో చెలమలు తోడి బిందెలు నింపుకుంటా ఉంటారు. రెండూ ఒకే ఏరు. చిన్నప్పుడు ఇది నాకు వింతగా అనిపించలేదు, అన్ని ఏర్లూ అట్లే ఉంటాయేమో అనుకున్నా.

తెల్లారి లేస్తే శబ్దాలు. దొమ్మరనంద్యాల పక్క పోతే మగ్గాల చప్పుడు, ఇంటింటికీ ఒక తాళం, ఒకటి ఆగితే ఇంకోటి అందుకునేది. ఇటు జమ్మలమడుగు దావలో నాపరాళ్లు కోసే మిషన్లు, అవి రాయిలోకి దిగేటప్పుడు ఒక కూత పెడతాయి, పళ్లు జివ్వుమంటాయి. ఇంగ్లీషోళ్లు మా బండల్ని కడప బండలని పేరు పెట్టినారు గానీ మాకవి ఒట్టి బండలే, ఇంట్లో నేల అదే, అరుగు అదే, పైకప్పు అదే, చేన్ల చుట్టూ కంచె కూడా అదే, నిలువుగా పాతేసినవి. బయటి ఊర్లలో మట్టిగోడలు, తాటాకు ఇండ్లు చూసినప్పుడు వీళ్లకు బండలు దొరకవా పాపం అనుకునేవాణ్ణి.

నాయనకు ఒక హెర్క్యులస్ సైకిలు ఉండేది, ఆకుపచ్చది, దానికి వెనక చక్రం కాడ డైనమో. రాత్రి డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు ఆ డైనమో గుర్రుమని మోగేది, లైటు దూరం నుంచి వెలుగుతా, ఎత్తుకొచ్చేసరికి మసకబారతా, దిగుడులో భగ్గుమంటా వచ్చేది. ఆ గుర్రు వినపడితే అమ్మ పొయ్యి మీద కూడు వేడి చేసేది. నేను ఆ సైకిలు మీదే నేర్చుకున్నా. సీటు మీద కూచుంటే కాళ్లు అందవు, కాబట్టి కడ్డీ కిందుగా కాలు లోపలికి దూర్చి, ఒళ్లంతా ఒక పక్కకు వంచి, సగం సగం తొక్కుకుంటా పోవడం. మోకాలి మీద ఇప్పటికీ మచ్చ ఉంది. నాయన చేతులకు ఎప్పుడూ గేట్ల గ్రీజు వాసన. డ్యూటీ దిగినాక ఆ చేతులు తుడుచుకున్న గుడ్డతోనే మా సైకిలు చైను కూడా తుడిచేవాడు, అందుకే మా చైను ఎప్పుడూ కిర్రుమనేది కాదు.

*

నాయన సైకిలు నాయనకే కావాలి కదా. అందుకని మాకు జమ్మలమడుగు బాడుగ సైకిళ్ల షాపే దిక్కు.

షాపు సాయిబును మేమందరం మామా అనేవాళ్లం. ఆయన కాడ పది పన్నెండు సైకిళ్లు వరసగా ఉండేవి, వెనక మడ్‌గార్డు మీద తెల్ల పెయింటుతో నంబర్లు. గంటకు అర్ధరూపాయి, దినానికైతే ఐదు రూపాయలు. నంబరు 7 అన్నింటికన్నా బాగుంటాది, దానికోసం తెల్లారుజామున పోయి కూచునేవాళ్లం. నంబరు 3కి బ్రేకులుండవు, తెలియని వాళ్లకు ఇచ్చేవాడు. గోడకు కట్టిన ఒక పొడుగు నోటుబుక్కు, దానికి దారంతో కట్టిన పెన్సిలు. పేరు, నాయన పేరు, నంబరు, టైము. వాచీ ఆయన చేతికి ఉండేది, మాకు ఎవురికీ లేదు, కాబట్టి ఆయన ఎంతంటే అంత. గంట అయిపోయిందని గుర్తు పట్టడానికి మేము బస్టాండులో ప్రొద్దుటూరు బస్సు కదిలేది చూసుకునేవాళ్లం.

మేం ముగ్గురం. నేను, మా చిన్నాయన కొడుకు, ఇంకొకడు బండల పాలిషు ఫ్యాక్టరీ వాళ్ల పిల్లోడు. వాడి దగ్గర డబ్బులుండేవి, మా చిన్నాయన కొడుక్కు ధైర్యం ఉండేది, నాకు దారులు తెలుసు, ఎందుకంటే నాయనతో కాలవ గట్ల మీద తిరిగినోణ్ణి. ఇట్లా ముగ్గురం కలిసి ఒక మనిషి లెక్క.

*

గండికోట జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. ఇప్పుడు కార్లో ఇరవై నిమిషాలు. అప్పుడు మాకు పొద్దున్నే ఆరుకు బయలుదేరితే తొమ్మిది అయ్యేది, మధ్యలో పంచరైతే పదకొండు. ముందు మైలవరం డ్యాం దాకా పోయి నాయనకు కనపడి, ఆయన "జాగర్తరా, కోటలో అంచుకు పోగాకండి" అని చెప్పేది విని, వెనక్కి వచ్చి కోట దారి పట్టేవాళ్లం. ఆ చుట్టు తిరుగుడు అవసరం లేదు, కానీ నాయనకు చెప్పకుండా పోతే నీళ్లలో మా నీడ పడినా ఆయనకు తెలుస్తాదని మాకు భయం.

దారి మొదట్లో చేన్లు. నల్లరేగడి. తర్వాత మెల్లగా నేల రంగు మారతాది, నలుపు పోయి ఎరుపు వస్తాది, చేన్లు పోయి కంప వస్తాది, రాళ్లు పెద్దవైతాయి. ఎర్రమల కొండలు. చివరి ఎత్తులో ఎవురమైనా దిగాల్సిందే, గేర్లు లేని సైకిలు, పైగా నంబరు 3. చొక్కాలు ఇప్పి హ్యాండిల్‌కు కట్టి, సీటు మీద ఒక చెయ్యి, హ్యాండిల్ మీద ఒక చెయ్యి పెట్టి నెట్టుకుంటా పోతాంటే ముందర ఒక్కసారిగా కోట గోడ కనపడతాది. ఎత్తైన ఎర్రరాయి గోడలు, 101 బురుజులంటారు, మేం లెక్కపెట్టడం మొదలుపెట్టి ప్రతిసారీ ఇరవై కాడ కొట్లాడుకునేవాళ్లం. పెద్ద వాకిలి తలుపులకు ఇనప మేకులు, ఏనుగులు గుద్దకుండా. ఆ వాకిట్లో ఎంత ఎండలోనైనా చల్లటి గాలి, అక్కడ కూచుని చెమట ఆరబెట్టుకునేవాళ్లం.

లోపల ఊరు. ఇది చెప్తే బెంగళూరోళ్లకు అర్థం కాదు, కోట అంటే టికెట్ కొని చూసే చోటు అనుకుంటారు, కానీ గండికోట అంటే ఊరు, ఎనుములు, కోళ్లు, అరుగుల మీద ముసలోళ్లు, బడి. ఆ ఊరి పిల్లోళ్లు జామా మసీదు ముందర గోళీలాడేవాళ్లు. మసీదు పక్కన కత్తుల కోనేరు, యుద్ధం నుంచి వచ్చినోళ్లు కత్తులు కడిగితే నీళ్లు ఎర్రబడినాయంట. మా చిన్నాయన కొడుకు ప్రతిసారీ ఆ నీళ్లలో చెయ్యి పెట్టి చూసేవాడు ఎరుపేమన్నా మిగిలిందా అని. ధాన్యాగారం ఒకటి, లోపల అరిస్తే మన గొంతే మనకు వేరేవాళ్లదిగా వినపడేంత పెద్దది. మాధవరాయ స్వామి గుడి గోపురం, లోపల దేవుడు లేడు, గబ్బిలాలు.

అరుగు మీద కూచునే ఒక తాత మాకు కథ చెప్పేవాడు. పెమ్మసాని నాయకుల కోట ఇది. చివర్లో చినతిమ్మ నాయుడు, గోల్కొండ సైన్యంతో మీర్ జుమ్లా వచ్చినాడు, కోట పగలడం లేదు, అప్పుడు పొదిలి లింగన్న అనేవాడు డబ్బుకు ఆశపడి నాయుడికి ఇసం పెట్టినాడంట. "బయటోడు ఎప్పుడూ గెలవడు నాయనా, లోపలోడే తలుపు తీయాల" అని ప్రతిసారీ ఇదే మాటతో ముగించేవాడు, ముగించినాక బీడీకి అగ్గిపెట్టె అడిగేవాడు. మీర్ జుమ్లా కోట పట్టింది 1650లో అని, రెండేండ్ల తర్వాత టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి ఇక్కడికే వచ్చి అతన్ని కలిసినాడని నేను చానా ఏండ్ల తర్వాత చదివినా. ఆయన ఏ బండెక్కొచ్చినాడో గానీ చివరి ఎత్తులో మాత్రం మా లాగా దిగి నడిచే ఉంటాడు.

అన్నీ చూసినాక అంచు. నాయన పోవద్దన్న అంచు. పెన్న కొండను నిలువునా చీల్చుకోని పోయిన గండి, దాదాపు 300 అడుగుల లోతు, రెండు పక్కలా ఎర్రరాళ్లు ఎవురో ఇటికెలు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి. కింద ఎండాకాలం సన్నటి పచ్చనీళ్లు. ఆ నీళ్లు మా నాయన గేట్ల కాడికే పోతాండాయని తెలుసు మాకు. మేం పైనుంచి ఒక రాయి ఎత్తేసి, అది పడిన చప్పుడు వచ్చేదాకా ఊపిరి బిగపట్టి, "సాయంత్రానికి ఈ అల నాయన కాడికి పోతాది" అని నేను అంటే వాళ్లిద్దరూ నమ్మేవాళ్లు. నేను కూడా నమ్మేవాణ్ణి.

సద్ది అక్కడే తినేది. జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి, ఉల్లిగడ్డ బండ మీద పెట్టి పిడికిలితో గుద్దితే పగిలేది. దసరా సెలవులైతే దావ పొడుగునా సీతాఫలాలు. తిరుగు దారి అంతా దిగుడు. పెడల్ తొక్కే పనే లేదు. నంబరు 3 వచ్చినోడు మాత్రం చెప్పుకాలు వెనక టైరుకు ఆనించి బ్రేకు వేసుకుంటా, చెప్పు అరిగిపోతాందని ఏడ్చుకుంటా వచ్చేవాడు.

*

ఒకసారి తుఫాను వానలో ఇరుక్కున్నాం. రోడ్డు మీదనే వచ్చుంటే ఏమీ అయ్యుండేది కాదు, దగ్గర దావ అని నేను వాళ్లను చేన్లలోకి తిప్పినా. నల్లరేగడి గురించి తెలియనోళ్లకు చెప్తా. అది ఎండితే కాలు దూరేంత పగుళ్లు, తడిస్తే జిగురు. చక్రం నాలుగు మార్లు తిరిగే లోపల బురద పట్టి మడ్‌గార్డులో ఇరుక్కోని చక్రం ఆగిపోతాది. పుల్లతో గీకి తీయడం, నాలుగడుగులు పోవడం, మళ్లీ ఆగడం. సైకిలు బరువు రెండింతలైపోయింది. కడాకు సైకిళ్లను భుజాల మీద ఎత్తుకోని నడిచినాం, మనిషి సైకిలెక్కడం కాదు, సైకిలు మనిషెక్కింది. చెప్పులు బురదలోనే ఉండిపోయినాయి, వెతుక్కోలేదు.

షాపుకు పోయేసరికి రాత్రి. మామ మమ్మల్ని చూసి, సైకిళ్లను చూసి, ఏమీ అనకుండా బకెట్టు, గుడ్డపేలికలు తెచ్చి ముందర పెట్టినాడు. రాత్రి పది దాకా కడిగినాం. బాడుగ మాత్రం మధ్యాహ్నం దాకే రాసినాడు. "వాన పడినాక మీరు తొక్కలా కదప్పా, మోసినారు" అన్నాడు.

*

పెద్ద యాత్ర ఒకటే చేసినాం, ఇంటర్ రెండో ఏడు సంక్రాంతి సెలవుల్లో. గుత్తి. పాలిషు ఫ్యాక్టరీ పిల్లోడికి గుత్తిలో మేనత్త ఉంది, అదీ సాకు. ముద్దనూరు మీదుగా కొండాపురం, అక్కడి నుంచి తాడిపత్రి, తాడిపత్రి నుంచి గుత్తి, వచ్చేటప్పుడు కొలిమిగుండ్ల, బెలుం దారి. ఈ చుట్టును నేను నోటుబుక్కులో బొమ్మ గీసినా, మధ్యలో పెన్న, పెన్న మీద గండికోట. ఇంట్లో బస్సులో పోతాండామని చెప్పినాం. మామకు మాత్రం నిజం చెప్పినాం, ఎందుకంటే సైకిళ్లు నాలుగు దినాలు ఆయనవి. ఆయన ఒక్కో సైకిలు తిప్పి చూసి, వాల్వు ట్యూబులు కొత్తవి వేసి, ఒక సొల్యూషన్ ట్యూబు, పాత ట్యూబు ముక్కలు, గరుకు కాగితం పొట్లం కట్టి ఇచ్చినాడు. దానికి డబ్బు తీసుకోలేదు.

పెన్న దాటి ముద్దనూరు రోడ్డెక్కినాం. సంక్రాంతప్పుడు ఆ చేన్లు చూడాల. రోడ్డుకు రెండు పక్కలా పప్పుశనగ, మధ్యమధ్యలో పొద్దుతిరుగుడు. శనగచెట్లు పీకి పచ్చికాయలు తింటా పోయినాం, ఆ చెట్టు పట్టుకుంటే చేతికి పులుపు అంటుకుంటాది, వేళ్లు నాకితే అది కూడా ఒక రుచే. ఒక చేను ఆయన కేకలేసుకుంటా వచ్చి, మా సైకిళ్లు చూసి, "యాడికి పోతాండారు రా?" అన్నాడు. గుత్తికి అంటే నవ్వి, తానే ఇంకో నాలుగు చెట్లు పీకి క్యారియర్‌కు కట్టినాడు.

మధ్యాహ్నానికి తాళ్లప్రొద్దుటూరు. సరిగ్గా ఆ ఊర్లోనే నా నంబరు 7 చైను తెగింది. సొల్యూషన్ ఉంది గానీ చైనుకు ఏముంది. రోడ్డు పక్కన ఒక ఇంటి అరుగు మీద కూచున్నాం, పొడుగాటి నాపబండ అరుగు, ఎన్నేండ్లుగా కూచున్నారో నున్నగా అద్దం లెక్క ఉంది, మీద యాపచెట్టు నీడ. లోపల నుంచి ఒక అవ్వ వచ్చింది.

"యా ఊరోళ్లు నాయనా?"

చెప్పినాం.

"యాడికి?"

"గుత్తికవ్వా, కోట చూసేకి."

"కోటలో ఏముంటాదని? రాళ్లేగదా. మీ ఊర్లో రాళ్లు ల్యావా?"

మేం ముగ్గురం బండల ఊరోళ్లం, ఏమని చెప్పేది. అవ్వ లోపలికి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చింది, తర్వాత రాగి సంగటి, గోంగూర ఊరిబిండి. మేం తింటాంటే తన మనవణ్ణి పంపి ఎవరినో పిలిపించింది, ఆయన వచ్చి చైను లింకు ఒకటి తీసేసి, సుత్తితో రివిటు కొట్టి, ఒక లింకు పొట్టి చైనుతో సైకిలు మళ్లీ నడిచేట్టు చేసినాడు. సుత్తి దెబ్బకు ఆ అరుగు మీద చిన్న పెచ్చు లేచింది. అవ్వ దాన్ని వేలితో తడిమి చూసుకుంది, "సర్లే పో, మీరొచ్చినారని గుర్తుంటాది" అనింది. పోయేటప్పుడు "తిరుక్కోని ఇట్లే రండి, కోటలో ఏం చూసినారో చెప్పండి" అని కేకేసింది.

తాడిపత్రిలో రాత్రి. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడి కాడ పడుకున్నాం. అక్కడ గోపురాలు పూర్తిగా కట్టలేదు, కింద మాత్రం రాయిని వెన్నలా చెక్కినారు, పైన ఏమీ లేదు, ఎవురో మధ్యాహ్నం కూటికి లేచిపోయి మళ్లీ రానట్టు. చలికి నిద్రపట్టక ముగ్గురం ఒకే దుప్పట్లో దగ్గరగా ముడుచుకున్నాం. పొద్దున్నే బస్టాండులో ఉగ్గాని, బజ్జీ. ఉగ్గాని గురించి నేను ఇంకో పోస్టే రాయాల, ఇక్కడ వద్దు.

తాడిపత్రి నుంచి గుత్తికి యాభై కిలోమీటర్ల దాకా, గాలి ఎదురు, ఎవురూ మాట్లాడలేదు. గుత్తి కొండ చానా దూరం నుంచే కనపడతాది, కనపడతానే ఉంటాది, దగ్గర పడదు. మేనత్త ఇంట్లో సైకిళ్లు పారేసి మరసటి దినం కొండెక్కినాం. గండికోట మాదిరి కాదు, ఇది మెట్లూ వాకిళ్లూ దాటుకుంటా పైకి పైకి పోయే కోట, ఒక వాకిలి దాటితే ఇంకోటి, బావులు, కూలిన కొట్టాలు. శిఖరం అంచున చిన్న మండపం ఒకటి, మురారిరావు గద్దె. గుత్తిని ఏలిన మరాఠా దొర మురారిరావు ఘోర్పడే అక్కడ కూచుని చదరంగం ఆడేవాడంట. మేం ముగ్గురం అక్కడ ఇరుక్కోని కూచుంటే కింద గుత్తి జంక్షన్లో రైళ్లు అగ్గిపెట్టెలు వరసగా లాగినట్టు పోతాండాయి. కూత ముందు కనపడి తర్వాత వినపడేది, పొగ లేచినాక కొంచెం సేపటికి కూత.

కొండ అడుగున ఇంగ్లీషోళ్ల సమాధులు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరాతో పోతే ఇక్కడికి తెచ్చి పూడ్చినారు, తర్వాత మద్రాసుకు మార్చినారు. మా సీమలో ఆయన పేరు పిల్లోళ్లకు పెట్టుకున్నారు, మన్రోలప్ప అని. మేనత్త వాళ్ల వీధిలోనే ఒక ముసలాయనకు ఆ పేరు, ఆయన మమ్మల్ని చూసి, "జమ్మలమడుగు నుంచి సైకిలు మీదనా? మీకేం పుట్టిందిరా" అన్నాడు.

వచ్చేటప్పుడు బెలుం గుహలు. అప్పటికి అక్కడ బోర్డు లేదు, టికెట్ లేదు, లైట్లు లేవు. చదునైన చేన్లో బావి మాదిరి గుంతలు, అంతే. ఎవురో జర్మనీవాళ్లు వచ్చి లోపల కొలతలు తీసి పోయినారని ఊర్లో చెప్పుకునేవాళ్లు, మాకది కోతలాగా అనిపించింది గానీ నిజమే, 1980ల మొదట్లో వాళ్లు వచ్చి కొలిచినారు, ఇప్పుడు మూడు కిలోమీటర్ల పైన గుహలని లెక్క. మేం ఎవరెడీ టార్చి పట్టుకోని దిగి, ఒక మలుపు దాటినాక ఊపిరాడక, మా చిన్నాయన కొడుకే ముందుగా "పోదాం పా" అన్నాడు. వాడి ధైర్యం అంతే అని ఆ దినం తెలిసింది.

బెలుం దారిన వచ్చేస్తిమి కాబట్టి తాళ్లప్రొద్దుటూరు మళ్లీ పోలేదు. అవ్వకు కోటలో ఏం చూసినామో చెప్పనేలేదు.

మామ నోటుబుక్కులో నాలుగు దినాల బాడుగ, టైము రాసే చోట గంటలు రాయకుండా "గుత్తి" అని రాసినాడు. చైను ఒక లింకు పొట్టిదైందని చెప్తే, వేలు పెట్టి లాగి చూసి, "ఎవురు కొట్టినారో గానీ బాగా కొట్టినారు" అన్నాడు, మార్చలేదు. ఆ తర్వాత నంబరు 7 ఎప్పుడు తీసుకున్నా ఆ రివిటు కాడ చైను టక్కుమని ఒక చప్పుడు చేసేది. మా చుట్టూ ఎవురికీ వినపడదు, మాకు వినపడేది.

*

తర్వాత అంతా అందరిదీ ఒకటే కథ. డిగ్రీ, ఉద్యోగం, హైదరాబాదు, బెంగళూరు. మామ షాపు మొబైల్ షాపు అయింది. నాయన రిటైరై పోయినాడు, కాలం చేసినాడు. మా చిన్నాయన కొడుకు ప్రొద్దుటూర్లో బంగారం అంగడి, పలకరిస్తే మోకాళ్ల నొప్పులంటాడు. పాలిషు ఫ్యాక్టరీ పిల్లోడు కువైట్ పోయినాడు, ఇప్పుడు యాడుండాడో.

పాప సైకిలు క్లబ్బు వాళ్లు గండికోట ట్రిప్పు వేసుకున్నారు, నా కథ విన్నందుకే ఒప్పించిందంట. వాళ్లు సైకిళ్ల మీద, నేను కార్లో వెనక. హెల్మెట్లు, చేతులకు గ్లౌజులు, గంటకెంత వేగం, గుండె ఎంత కొట్టుకుంటాంది అన్నీ చెప్పే గడియారాలు. చివరి ఎత్తులో ఒక్కరూ దిగలేదు. నాకు కొంచెం అసూయ పుట్టిందని ఒప్పుకుంటా. కోట ముందర ఇప్పుడు టూరిజం హోటలు, టెంట్లు, సెల్ఫీలు. గండి కాడ పాప అంచుకు పోతాంటే నా నోట్లో నుంచి "అంచుకు పోగాకు" అని నాయన గొంతే వచ్చింది.

మరసటి దినం నేను పాపను తాళ్లప్రొద్దుటూరు చూపిస్తా రా అన్నా. ఫోన్లో మ్యాప్ చూసి, "నాన్నా, ఇక్కడంతా నీలంగా ఉంది" అనింది. తెలుసు నాకు. గండికోట రిజర్వాయరు 26.85 టీఎంసీలది, మా నాయన డ్యాంకు రెండున్నర రెట్ల పైనే, 2020లో నీళ్లు ఎక్కువగా నిలబెట్టేటప్పుడు ఆ ఊరు ఖాళీ చేయించినారని పేపర్లో చదివినా. చదవడం వేరు. కార్లో కొత్త రోడ్డు మీద పోయి, పాత దావ అనిపించిన కాడ దిగి నడిచినాం. పాత తారు రోడ్డు కంపచెట్ల మధ్య నుంచి మామూలుగా పోతాది, పోయి పోయి నీళ్లలోకి దిగుతాది. ఎవురూ అడ్డం పెట్టలేదు. రోడ్డు అట్లే లోపలికి పోతాది, రెండు మూడు అడుగుల దాకా తారు కనపడతాది, ఆ తర్వాత కనపడదు.

పాప సైకిలు కార్లోంచి దింపి నీళ్ల అంచు దాకా తొక్కింది. ముందు చక్రం తడిసింది.

ఒకాయన ఎనుములను నీళ్లకు తోలుకోని వచ్చినాడు. ఊరు ఎంత దూరంలో ఉంటాదన్నా అని అడిగితే చెయ్యి చాపి చూపించినాడు, నీళ్లు తప్ప ఏమీ లేదు అక్కడ. రోడ్డు పక్కన యాపచెట్టు, పొడుగు నాపబండ అరుగు ఉన్న ఇల్లు అని చెప్పబోయినా. ప్రతి ఇంటికీ నాపబండ అరుగే కదా, ఆపేసినా.

"ఎండాకాలం రాప్పా," అన్నాడు ఆయనే. "నీళ్లు తగ్గితే రోడ్డు తేలతాది."

"అప్పుడు సైకిలు పోతాదా?"

ఆయన పాప సైకిలును కింద నుంచి పైదాకా చూసినాడు. "బురద ఆరితే పోతాది" అన్నాడు. "దానికి మడ్‌గార్డు కూడా ల్యా, ఇంకా బాగా పోతాది."